పుస్తకం తనంతట తాను నడవదు

"మంచి పుస్తకానికి ప్రచారం అక్కర్లేదు. అది తన పాఠకుల్ని తానే వెతుక్కుంటుంది." మొదటి నవల అచ్చయిన ప్రతి రచయితా ఈ మాట వింటారు. ఆవిష్కరణ సభలో పెద్దలు దీన్ని ఆశీర్వచనంగా అంటారు. ఫేస్‌బుక్‌లో తన నవల గురించి రెండోసారి రాయగానే తోటి రచయితలు మందలింపుగా అంటారు. పుస్తకాల కట్టలు విప్పకుండానే ఇంట్లో మిగిలిపోయినప్పుడు అదే మాట తీర్పుగా మారుతుంది: పాఠకులు రాలేదంటే అందులో అంత సరుకు లేదన్నమాట. నేనూ మొదటి నవల అచ్చువేసుకున్నదాన్నే. ఈ మాటను ఆ మూడు రకాలుగానూ విన్నాను. ఇది తప్పుడు మాట. కొత్త రచయితలకు నిజంగా హాని చేసే మాట. దీన్ని ఇక వదిలెయ్యాలి.

ముందు ఆ వాదాన్ని దాని పూర్తి బలంతో చెబుతాను. ఆ మాట అనేవాళ్లలో అసూయపరులు కొద్దిమందే. ఎక్కువమంది సాహిత్యాన్ని ప్రేమించేవాళ్లు, నమ్మి అనేవాళ్లు. వాళ్లు చెప్పేది ఇది. రచన విలువ రచనలోనే ఉంటుంది. ఎవరు ఎంత గట్టిగా అరిచినా అది పెరగదు, తరగదు. ఆర్భాటంగా వచ్చిన పుస్తకాలు నాలుగేళ్లలో మరుగున పడ్డాయి, చడీచప్పుడు లేకుండా వచ్చినవి తరాలు దాటి నిలిచాయి. కాలాన్ని మించిన విమర్శకుడు లేడు. తన పుస్తకాన్ని తానే పొగుడుకునేవారి మాటకు విలువ ఉండదు; పైగా ఆ అలవాటు రచనను కూడా పాడుచేస్తుంది, చప్పట్లు ఎక్కడ పడతాయో చూసుకుంటూ రాయడం మొదలవుతుంది. ప్రచారానికి పెట్టే పొద్దు రాతకు పెడితే ఇంకో మంచి పుస్తకం వస్తుంది. మన పెద్ద రచయితలెవరూ పుస్తకాలు చంకన పెట్టుకుని తిరగలేదు.

ఇందులో ఒకటి రెండు మాటల్లో నిజం ఉంది. అక్కడికి వచ్చినప్పుడు ఒప్పుకుంటాను. మొత్తం వాదం మాత్రం నిలబడదు.

1. పెద్దలు తిరిగారు

చివరి మాటతో మొదలుపెడతాను, ఎందుకంటే అది చరిత్రకు సంబంధించింది, తేల్చుకోవడం తేలిక. తిరుపతి వేంకట కవులు గద్వాల, ఆత్మకూరు, వనపర్తి వంటి సంస్థానాలకు వెళ్లి అవధానాలు చేశారు, సవాళ్లు విసిరారు, సన్మానాలు పొందారు. ఆ తిరుగుళ్ల మీద 'నానారాజ సందర్శనము' అని వాళ్ల పుస్తకమే ఉంది. అంతకు ముందు శ్రీనాథుడు ఎన్ని ఆస్థానాలు చూశాడో, డిండిమభట్టు మీద గెలుపు కథ ఎన్ని వందల ఏళ్లుగా చెప్పుకుంటున్నామో అందరికీ తెలుసు. ప్రబంధాల అవతారికల్లో కవి తన చదువునూ తన కవిత్వాన్నీ గురించి చెప్పుకోవడం ఒక మర్యాద. అది చిన్నతనమని ఆనాటి పాఠకులు అనుకోలేదు.

నవలకు వద్దాం. నరహరి గోపాలకృష్ణమ చెట్టి 'శ్రీ రంగరాజ చరిత్ర' 1872లో వచ్చింది. కందుకూరి వీరేశలింగం 'రాజశేఖర చరిత్రము' 1878లో మొదలైంది. అయినా తొలి తెలుగు నవల ఏదంటే ఇవాళ్టికీ ఎక్కువమంది నోట వచ్చేది రెండోదే. రెండింటికీ నాణ్యతలో తేడా ఉంది, కాదనను. మొదటిదానికి నవలా లక్షణాలు చాలవని వాదించిన విమర్శకులు ఉన్నారు. కానీ తేడా అంతా నాణ్యతదే అనడం కుదరదు. వీరేశలింగం చేతిలో 'వివేకవర్ధని' ఉంది. నవల అందులో విడతలుగా వచ్చి, 1880లో పుస్తకమైంది, బడుల్లో చదివించారు, 1887లో ఇంగ్లిషులోకి వెళ్లింది. సొంత పత్రికలో సొంత నవల వేసుకున్న ఆ మనిషిని ప్రచారకుడు అని ఎవరైనా తక్కువ చేశారా?

విశ్వనాథ 'వేయిపడగలు', అడివి బాపిరాజు 'నారాయణరావు' 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీలో బహుమతిని పంచుకున్నాయి. పోటీ అంటే పదిమందికీ వినపడేలా పేరు చదవడమే. శ్రీశ్రీ 'మహాప్రస్థానం' 1950లో పుస్తకంగా వచ్చింది, చలం దానికి 'యోగ్యతాపత్రం' రాసింది 1940లో. తెలుగులో ఒక రచయిత మరో రచయిత కోసం ఇచ్చిన సాక్ష్యాల్లో అంత బలమైనది ఇంకోటి నాకు కనపడదు. అది ముందుమాట మాత్రమే కాదు, పాఠకుణ్ణి చెయ్యిపట్టి లోపలికి లాగే పని.

ఆ తర్వాత వచ్చింది వారపత్రికల యుగం. 'ప్రచారం లేకుండా' వెలిగిన నవలలు అని మన పెద్దలు గుర్తుచేసుకునేవి ఎక్కువగా ఆ కాలంవే. వాటి సంగతి చూడండి. యద్దనపూడి 'సెక్రటరీ' జ్యోతి మాసపత్రికలో, యండమూరి 'తులసిదళం' ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చాయి. సీరియల్ మొదలయ్యే ముందే ప్రకటనలు. ప్రతి భాగానికీ బొమ్మ. ప్రతి భాగం చివరా ఉత్కంఠ. పాఠకుల ఉత్తరాల పేజీ. ఆపైన ఎమెస్కో ఇంటింటి గ్రంథాలయం, నెలకో నవల వేసిన చతుర, వీధి చివర అద్దె పుస్తకాల షాపు. నవల పుస్తకమయ్యేసరికి పాఠకులు అప్పటికే సిద్ధంగా ఉన్నారు. ఆ రచయితలు మౌనంగా ఉండగలిగారు, ఎందుకంటే పత్రిక వాళ్ల తరఫున వారం వారం మాట్లాడింది. ఆ పత్రికల్లో చాలా భాగం ఇప్పుడు లేవు. చతుర లేదు. అద్దె షాపు లేదు. పత్రిక చేసిన పని ఆగిపోయింది కానీ రచయిత నుంచి ఆనాటి మౌనాన్నే ఇప్పటికీ ఆశిస్తున్నారు.

2. ఒకే పుస్తకానికి రెండు గతులు

విలువ రచనలోనే ఉంటుంది కాబట్టి పాఠకులు దాన్ని బట్టే వస్తారన్నది ఈ వాదానికి వెన్నెముక. దీన్ని పరీక్షించాలంటే ఒకే పుస్తకాన్ని రెండు పరిస్థితుల్లో పెట్టి చూడాలి. అలాంటి పరీక్ష ఒకటి నిజంగానే జరిగింది. 2013 ఏప్రిల్‌లో ఇంగ్లండులో 'ది కుకూస్ కాలింగ్' అనే డిటెక్టివ్ నవల వచ్చింది. రచయిత రాబర్ట్ గాల్‌బ్రెయిత్ అని, ఇదే మొదటి నవల అని చెప్పారు. వేసింది పెద్ద ప్రచురణ సంస్థ. సమీక్షలు బాగున్నాయి. అయినా జులై నాటికి అమ్ముడుపోయిన గట్టి అట్ట ప్రతులు సుమారు 1,500. అప్పుడు ఒక పత్రిక, ఆ గాల్‌బ్రెయిత్ మరెవరో కాదు, హ్యారీ పాటర్ రాసిన జె.కె. రౌలింగేనని బయటపెట్టింది. వెంటనే ఆ నవల అమ్మకాల పట్టికల్లో మొదటి స్థానానికి చేరింది. లోపల ఒక్క వాక్యం మారలేదు. అది మంచి నవల అయితే ఏప్రిల్ నుంచి జులై దాకా తన పాఠకుల్ని ఎందుకు వెతుక్కోలేకపోయింది? కాకపోతే జులైలో ఎలా వెతుక్కుంది? ఈ రెండింట్లో దేనికి జవాబు చెప్పబోయినా ఆ సూక్తి కూలుతుంది.

ఒక్క ఉదాహరణతో సూత్రం కట్టకూడదంటారు. సరే. 2006లో మాథ్యూ సల్గానిక్, పీటర్ డాడ్స్, డంకన్ వాట్స్ అనే పరిశోధకులు 'సైన్స్' పత్రికలో ఒక ప్రయోగాన్ని ప్రకటించారు. ఎవరికీ తెలియని బ్యాండ్ల పాటలు 48 తీసుకుని, 14 వేలకు పైగా శ్రోతల్ని వేర్వేరు గుంపులు చేశారు. ఒక గుంపువాళ్లకు ఇతరుల ఇష్టాయిష్టాలు తెలియవు. మిగిలిన ఎనిమిది గుంపుల్లో ఎవరికి వారు తమ గుంపు ఏ పాటను ఎంత డౌన్‌లోడ్ చేసిందో చూడగలరు. పాటలు అన్ని గుంపుల్లోనూ అవే. ఒకచోట పైకి లేచిన పాట మరోచోట ఎక్కడో మధ్యలో ఉండిపోయింది. మరీ మంచివి పూర్తిగా అడుగున పడటం, మరీ నాసివి నెత్తికెక్కడం అరుదుగా జరిగింది. మిగతా వాటికి ఏ గతైనా పట్టవచ్చని తేలింది.

ఈ ఫలితాన్ని నాకు అనుకూలమైన ముక్కతో ఆపను. నాణ్యతకు పాత్ర ఉంది. అది ఒప్పుకోవలసిన నిజం. కానీ ఆ ప్రయోగంలో 48 పాటలూ ప్రతి శ్రోత కళ్ల ముందూ ఉన్నాయి. వినడానికి ఒక్క నొక్కు చాలు. తెలుగులో మొదటి నవల పరిస్థితి అలా ఉందా? అది జాబితాలోనే ఉండదు. నాణ్యత పని చెయ్యాలంటే ముందు పుస్తకం చేతికి అందాలి. గీతాంజలి శ్రీ 'రేత్ సమాధి' హిందీలో 2018లో వచ్చింది. 2022లో దాని ఇంగ్లిషు అనువాదానికి అంతర్జాతీయ బుకర్ వచ్చాక మాత్రమే దేశమంతా ఆ పేరు వినింది. నాలుగేళ్లపాటు ఆ నవల తక్కువ మంచిదిగా ఉండి, ఒక్క రాత్రిలో ఎక్కువ మంచిదైందా?

3. కాలం ఎవరినీ వెతకదు

"తొందరెందుకు, కాలం తేలుస్తుంది" అన్నది తర్వాతి మెట్టు. దీనికి సాక్ష్యంగా చూపేవి ఆలస్యంగా వెలుగు చూసిన గొప్ప పుస్తకాలు. ఆ పుస్తకాల కథల్ని దగ్గరగా చూస్తే అవి ఈ వాదానికే ఎదురు సాక్ష్యం చెబుతాయి.

మెల్విల్ 'మోబీ డిక్' 1851లో వచ్చింది. ఆయన బతికుండగా అమ్ముడుపోయినవి మూడు వేల పైచిలుకు. న్యూయార్క్ రేవులో కస్టమ్స్ ఉద్యోగం చేసుకుని 1891లో పోయాడు. 1920ల్లో ఆ నవల లేచి నిలబడిందంటే కారణం రేమండ్ వీవర్ 1921లో ఆయన జీవితచరిత్ర రాయడం, మరికొందరు విమర్శకులు పట్టుబట్టి మాట్లాడటం. జాన్ కెన్నెడీ టూల్ సంగతి ఇంకా బాధాకరం. తన నవల వేసేందుకు ప్రచురణకర్తను ఒప్పించలేకపోయాడు. 1969లో 31 ఏళ్లకే ప్రాణం తీసుకున్నాడు. ఆయన తల్లి థెల్మా ఆ రాతప్రతిని పట్టుకుని ఏళ్ల తరబడి తిరిగింది. చివరికి న్యూ ఆర్లిన్స్‌లో పాఠాలు చెబుతున్న రచయిత వాకర్ పెర్సీని వదలకుండా వెంటాడి చదివించింది. 'ఎ కాన్ఫెడరసీ ఆఫ్ డన్సెస్' 1980లో అచ్చయింది, 1981లో పులిట్జర్ గెలిచింది. ఇక్కడ పుస్తకం ఎవరిని వెతుక్కుంది? వెతికింది తల్లి.

మన దేశానికే వద్దాం. ఆర్.కె. నారాయణ్ మొదటి నవలను ఇంగ్లండులో ప్రచురణకర్తలు వరసగా తిప్పి పంపారు. విసిగిపోయి, ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకుంటున్న స్నేహితుడికి, ఆ రాతప్రతికి రాయి కట్టి థేమ్స్ నదిలో పడెయ్యమని రాశాడు. స్నేహితుడు ఆ మాట వినలేదు. దాన్ని గ్రాహం గ్రీన్ చేత చదివించాడు. గ్రీన్ ప్రచురణకర్తకు సిఫారసు చేశాడు. 1935లో 'స్వామి అండ్ ఫ్రెండ్స్' వచ్చింది. మాల్గుడి అనే ఊరు మనకు దక్కింది ఒక స్నేహితుడి మొండితనం వల్ల. మంచి పుస్తకం తనే దారి చూసుకుంటుందని ఆ స్నేహితుడు చేతులు కట్టుకుని ఉంటే మాల్గుడి నది అడుగున ఉండేది.

ఇక్కడే ఈ వాదంలో అతి పెద్ద లోపం ఉంది. ఆలస్యంగానైనా దొరికిన పుస్తకాల్నే లెక్కపెట్టి, దొరకడం సహజం అంటున్నారు. దొరకనివి ఎన్నో ఎవరు చెప్పగలరు? వాటికి సాక్షులు లేరు. తెలుగు వారపత్రికల్లో సీరియల్‌గా వచ్చి పుస్తకం కాని నవలలు పాత సంచికల్లోనే ఉండిపోయాయి. ఆ చవక కాగితం ముట్టుకుంటే పొడి అవుతోంది. వేటపాలెం సారస్వత నికేతనంలోనో, సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోనో ఎవరో కూర్చుని భద్రపరిస్తే, మనసు ఫౌండేషన్ లాంటి సంస్థ ఒకటి పూనుకుని స్కాన్ చేసి సర్వస్వాలు వేస్తే కొన్ని మిగిలాయి. కాలానికి వదిలేసినవి చెదల పాలయ్యాయి.

4. ఫెరాంటే మాటేమిటి?

ఈ చర్చలో తప్పకుండా వచ్చే పేరు ఎలెనా ఫెరాంటే. మొదటి నవల రాకముందే, 1991లో, పుస్తకం కోసం తాను ఏమీ చెయ్యనని ప్రచురణకర్తకు రాసిన ఇటాలియన్ రచయిత్రి. ఆమె ముఖం లోకానికి తెలియదు, పుస్తకాలు మాత్రం లోకమంతా చదివింది. నాకు ఆమె నిర్ణయం మీద ఎంతో గౌరవం. కానీ ఆమె ఆ ఉత్తరం రాసింది ఎవరికి? ఒక ప్రచురణ సంస్థకు. ఆ సంస్థ పుస్తకాన్ని వేసింది, అమ్మింది, అమెరికాలో మరో సంస్థ పెట్టి ఇంగ్లిషులోకి తెచ్చింది. ఆన్ గోల్డ్‌స్టీన్ అనువదించింది. 2013లో జేమ్స్ వుడ్ న్యూయార్కర్ పత్రికలో సుదీర్ఘంగా రాశాడు. ఆమె మౌనం చుట్టూ అంతమంది పనిచేశారు. తన సొంత డబ్బుతో ప్రతులు వేయించుకున్న తెలుగు రచయితకు ఫెరాంటేను ఆదర్శంగా చూపడం అంటే, ఆమె మౌనాన్ని మాత్రమే ఇచ్చి ఆమె వెనకున్న మనుషుల్ని ఇవ్వకపోవడం.

5. ఏ దారిన వెతుక్కోవాలి?

మన దగ్గర మొదటి నవల సాధారణంగా రచయిత డబ్బుతోనే అచ్చవుతుంది. కొన్ని వందల ప్రతులు. ఎడిటర్ ఉండడు, ప్రూఫులు మనమే దిద్దుకోవాలి. అమ్మకానికి ఇస్తే కమీషన్ 40 శాతం దాకా పోతుంది, మిగిలింది ఎప్పుడు చేతికొస్తుందో చెప్పలేం. నవలలు దొరికే షాపులు హైదరాబాద్‌లో, విజయవాడలో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. చాలా జిల్లా కేంద్రాల్లో పుస్తకాల షాపంటే పోటీ పరీక్షల గైడ్లు, బడి పుస్తకాలు. మా ఊళ్లో నా నవల కొనుక్కోవాలంటే షాపు లేదు. నా నంబరుకే ఫోన్ చెయ్యాలి. పాఠకుడికి పంపుదామంటే, చవకగా ఉండే రిజిస్టర్డ్ బుక్ పోస్టును తపాలా శాఖ 2024 డిసెంబరులో ఎత్తేసింది.

గ్రంథాలయాలు ఉన్నాయి కదా అంటారు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు సెస్సుగా కలిసే ఉంది. ఆ డబ్బు స్థానిక సంస్థల నుంచి గ్రంథాలయాలకు సరిగా చేరడం లేదన్నది పాత ఫిర్యాదే. కొత్త పుస్తకాల కొనుగోలు ఏటా జరిగే పని కాకుండా, ఎప్పుడో జరిగే విశేషమైపోయింది. పత్రికల్లో సమీక్షలకు చోటు కుంచించుకుపోయింది. ఆదివారం అనుబంధంలో చిన్న పెట్టెలో అట్ట బొమ్మ, వెల, ప్రతులకు ఫోన్ నంబరు వస్తే అదే భాగ్యం.

ఇలాంటి చోట పుస్తకం తన పాఠకుల్ని వెతుక్కోలేదంటే, దాని అర్థం దారి లేదని. ఆ సంగతి తెలిసినవాళ్లు కూడా నెపం రాత మీద వెయ్యడమే నాకు కోపం తెప్పిస్తుంది.

6. చదవకపోవడం తీర్పు కాదు

ఈ సూక్తి చేసే అసలు నష్టం రచయిత మనసులో జరుగుతుంది. అన్నిటికన్నా తక్కువ మాట్లాడుకునేది కూడా దాని గురించే.

ఆవిష్కరణ రోజు శాలువా, జ్ఞాపిక, ఫోటోలు. వక్తలు రచయిత ఊరి గురించి, తల్లిదండ్రుల గురించి, నవల అనే ప్రక్రియ గురించి మాట్లాడతారు. ముందుమాట దాటి వెళ్లినవారు ఎవరో వింటుంటేనే తెలిసిపోతుంది. తర్వాత ఒక వారం 'అభినందనలు' వస్తాయి. అభినందించిన వారిలో పుస్తకం తెరిచినవారు తక్కువ. బంధువులు తమ కాపీ ఏదని అడుగుతారు. ఆపైన నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో రచయిత తన పుస్తకాన్ని తనే శత్రువులా చదవడం మొదలుపెడుతుంది. రెండో అధ్యాయం నత్తనడక నడిచిందేమో. యాస ఎక్కువైందేమో. అసలు ఇది నవలేనా? నాకు రాయడం వచ్చా? నేను ఆ రాత్రుళ్లన్నీ చూశాను. నాకు తెలిసిన మొదటి నవల రచయితలందరూ చూశారు.

రాసేటప్పుడు వచ్చే సందేహం మంచిది. అది వాక్యాన్ని కొట్టేయిస్తుంది, దొంగ ముగింపును పట్టిస్తుంది. చదివి, నచ్చలేదని కారణంతో చెప్పినవారు కలిగించే సందేహం కూడా మంచిదే. ఒక పాఠకుడు ఫోన్ చేసి, నా నవలలో పెద్ద కొడుకు ఇల్లు వదిలి వెళ్లడానికి తగినంత కారణం కనపడలేదని సూటిగా అన్నాడు. నాకు అది సన్మానం కన్నా ఎక్కువ. ఆ మాట మీద నేను పనిచెయ్యగలను. కానీ చదవనివాళ్ల మౌనం నుంచి పుట్టే సందేహంలో ఏ సమాచారమూ లేదు. 'నచ్చలేదు' అన్నది పుస్తకం గురించిన మాట. 'చదవలేదు' అన్నది పుస్తకం చేరకపోవడం గురించిన మాట. మంచి పుస్తకం వెతుక్కుంటుందనే సూక్తి ఈ రెండింటినీ కలిపేసి, ఎవరూ చదవని పుస్తకాన్ని అందరూ చదివి తిరస్కరించినట్టు చూపిస్తుంది. రచయిత దాన్ని నమ్ముతుంది, ఎందుకంటే నమ్మడానికి ఆమె లోపల అప్పటికే సగం సిద్ధంగా ఉంది.

తెలుగులో ఒక్క నవలతో ఆగిపోయిన వాళ్లు ఎంతమందో మనందరికీ తెలుసు. వాళ్ల దగ్గర ఇంక చెప్పడానికి ఏమీ లేక ఆగిపోయారని తేలిగ్గా అనేస్తాం. వాళ్లలో కొందరినైనా ఆపింది ఈ తప్పుడు తీర్పే అని నేను నమ్ముతున్నాను.

7. ఎవరు మాట్లాడితే హుందాతనం?

రచయిత తన పుస్తకం గురించి తాను మాట్లాడితే హుందాగా ఉండదంటారు. ఇంకొకరు మాట్లాడితే గుర్తింపు అంటారు. ఈ తేడాను ఒప్పుకుంటే వెంటనే వచ్చే ప్రశ్న: ఆ 'ఇంకొకరు' ఎవరికి ఉంటారు?

యూనివర్సిటీలో తెలుగు శాఖలో చదివినవారికి గురువులు ఉంటారు. పత్రికాఫీసులో పనిచేసినవారికి స్నేహితులు ఉంటారు. సంఘాల్లో ఉన్నవారికి సంఘం ఉంటుంది. కులం, ఊరు, కుటుంబం వెనకుండి నడిపించేవారికి సభా, సమీక్షా రెండూ అడక్కుండానే దొరుకుతాయి. వాళ్లు నోరు మూసుకుని హుందాగా ఉండగలరు. ఇంట్లో మొదటిసారి పుస్తకం రాసిన మనిషికి, పొలం పనో ఆటో పనో చేసుకుంటూ రాసిన మనిషికి, సాహిత్య సభలో తనవాళ్లెవరూ లేని దళిత రచయితకి, చిన్న ఊళ్లో ఉద్యోగం, వంట ముగించుకుని రాసిన ఆడమనిషికి ఆ నలుగురూ ఉండరు. వాళ్ల దగ్గర ఉన్నది తమ నోరొక్కటే. దాన్ని కూడా మర్యాద పేరుతో మూయించాక ఇక మిగిలేది ఏమిటి?

ఆడవాళ్ల విషయంలో ఇది మరీ కటువుగా ఉంటుంది. అదే పుస్తకం గురించి మగ రచయిత నాలుగుసార్లు రాస్తే ఉత్సాహం. నేను రెండోసారి రాస్తే, ఫోటో బాగుందన్న వ్యాఖ్య కింద, 'ఈవిడకి ప్రచారం పిచ్చి' అన్న మాట. అన్నవాళ్లు నవల చదివారా అంటే లేదు. హుందాతనం పేరుతో ఈ సూక్తి చేసే పని ఇదే: ఎప్పటినుంచో మాట్లాడుతున్నవాళ్ల గొంతులు మాత్రమే వినపడేలా చూడటం.

8. గీత ఉంది, అది వేరే చోట ఉంది

ప్రచారం ఎలాగైనా చేసుకోవచ్చని నేను అనడం లేదు. వాల్ట్ విట్మన్ 1855లో తన 'లీవ్స్ ఆఫ్ గ్రాస్' మీద పేరు పెట్టకుండా తానే పొగడ్త సమీక్షలు రాసి వేయించుకున్నాడు. అంతటి కవి చేసినా అది మోసమే. డబ్బిచ్చి తెచ్చుకునే అవార్డులు, చదవనివారి చేత రాయించే ముందుమాటలు, స్నేహితుల చేత వేయించే అయిదు నక్షత్రాలు, అడగనివారిని ట్యాగ్ చేసి వేధించడం, ఒకరి పుస్తకం ఒకరు పొగిడే ఒప్పందాలు - ఇవన్నీ తప్పే. వీటిలో తప్పు అబద్ధంలో ఉంది, బలవంతంలో ఉంది. "నేను ఈ నవల రాశాను, ఇది ఫలానా ఊరి ఫలానా మనుషుల గురించి, చదివి ఎలా ఉందో చెప్పండి" అనడంలో అబద్ధం లేదు, బలవంతం లేదు.

ప్రచారంతో చెడ్డ పుస్తకాలు పైకి వస్తున్నాయన్నది నిజం. మంచి పుస్తకాలు రాసినవాళ్లను నోరు మూసుకోమంటే అది తగ్గుతుందా, పెరుగుతుందా? సిగ్గు లేనివారు ఈ సూక్తిని ఎప్పుడూ పాటించరు. పాటించేది సంకోచం ఉన్నవారు, తమ రాత మీద సందేహం ఉన్నవారు. చాలాసార్లు మంచి రచయితలు వాళ్లే. పాఠకుడి చెవిన పడే గొంతుల్లోంచి వాళ్లను ఏరి తీసేసి, మిగిలినవన్నీ ఆర్భాటాలేనని వాపోతున్నాం.

పొద్దు సంగతి కూడా ఒప్పుకుంటాను. పుస్తకాన్ని జనంలోకి తీసుకెళ్లడానికి కాలం ఖర్చవుతుంది, రాత కొంత వెనకబడుతుంది. అందుకే ఆ భారం రచయిత ఒక్కరి మీదే ఉండకూడదు. చదివినవారు ఒక పేరా రాయాలి. నచ్చకపోతే నచ్చలేదనే రాయాలి. విమర్శకులు ఏడాదికి కొన్ని మొదటి పుస్తకాలైనా, రచయిత ఎవరో తెలియకపోయినా, కొని చదవాలి. జిల్లా గ్రంథాలయ సంస్థలు సెస్సు డబ్బుతో ఏటా కొత్త నవలలు కొనాలి. ఆవిష్కరణ సభకు ఒప్పుకునే వక్త పుస్తకం పూర్తిగా చదివే రావాలి. ఇవేవీ చెయ్యకుండా రచయితను మౌనంగా ఉండమనే హక్కు ఎవరికీ లేదు.

9. 'తర్వాతి నవల రాసుకో'

చివరగా మిగిలేది ఈ సలహా. దీన్ని ప్రేమతోనే ఇస్తారు. మొదటిదాన్ని మరిచిపో, రెండోది మొదలుపెట్టు, రాస్తూ పోతే ఒకరోజు గుర్తిస్తారు అంటారు.

రెండో నవల దేనితో రాయాలి? మొదటిదాని అచ్చుకు పెట్టిన డబ్బు అమ్ముడుపోని పుస్తకాల కట్టల్లో ఇరుక్కుని ఉంది. మొదటిదాంట్లో ఏది కుదిరింది, ఏది కుదరలేదు అని చెప్పే పాఠకులు ఇంకా దొరకలేదు. చదివినవారు లేకుండా రాసే రెండో నవల మొదటి నవల తప్పుల్నే మళ్లీ చేస్తుంది, దాని బలాన్ని గుర్తుపట్టలేక వదిలేస్తుంది. రచయిత ఎదగడానికి పాఠకులు కావాలి, ఎదిగాక దొరికే బహుమతిగా కాదు, ఎదిగే దారిలోనే. కాబట్టి నేను రెండో నవల రాస్తాను, మొదటిదాని గురించి మాట్లాడుతూనే రాస్తాను. పుస్తకాల పండగలో స్టాలు ముందు నిలబడతాను. ఆగినవారికి నా నవల దేని గురించో రెండు మాటల్లో చెబుతాను. కాలేజీకి పిలిస్తే వెళ్తాను, పిలవకపోతే రావచ్చా అని అడుగుతాను. మొదటి పుస్తకం వేసుకున్న ప్రతి ఒక్కరినీ ఇదే చెయ్యమంటాను. ఇందులో తలవంపు ఏముందో, ఆ సూక్తి చెప్పేవాళ్లు ఈసారి నవల చదివి వచ్చి చెప్పాలి.